రాళ్లు పొదిగే చేత్తో బాత్రూం

బందరు చిలకలపూడిలో బాలస్వామి చెయ్యి వణకదని పేరు. గిల్టు నగల్లో రాళ్లు పొదగడం అతని పని. నువ్వుగింజంత రాయిని సన్నటి పట్టుకారుతో పట్టుకుని గుంటలో కూర్చోబెట్టి చుట్టూ అంచు ఒత్తేటప్పుడు ఊపిరి కూడా బిగబట్టేవాడు. పదిహేనో ఏట ఆ పనిలో కూర్చున్నాడు. యాభై మూడేళ్లొచ్చినా అదే కార్ఖానాలో, అదే కిటికీ పక్కన కూర్చుంటున్నాడు.

ఇంట్లో మాత్రం ఆ చేతికి ఏ పేరూ లేదు. గోడకి మేకు కొట్టాలన్నా, కుళాయి వాషరు మార్చాలన్నా భార్య రత్నకుమారే చూసుకోవాలి. పెళ్లయిన కొత్తలో ఒకసారి క్యాలెండరు తగిలించడానికి సుత్తి పట్టుకుంటే మేకు వంకరపోయి, చేటంత సున్నం ఊడి మంచం మీద పడింది. ఆ తర్వాత ఎవరేం చెయ్యమన్నా ఒకటే మాట. "నాది చిన్న పని రత్నం. పెద్ద పనులకి నా చెయ్యి రాదు."

అలాంటి మనిషికి బాత్రూం పని వచ్చి పడింది, అత్తగారి మోకాలి వల్ల.

అత్తగారు పాపాయమ్మది దివిసీమలో నాగాయలంక అవతల ఒక పల్లె. డెబ్బై రెండేళ్లు. కుడి మోకాలికి బెజవాడలో ఆపరేషన్ అయింది. నెలనెలా డాక్టరుకి చూపించుకోవాలి కాబట్టి మూడు నెలలు బందర్లో కూతురి దగ్గర ఉండేట్టు నిర్ణయమైంది. డాక్టరు మరీ మరీ చెప్పిన మాట ఒకటే, ఆవిడ గొంతుక్కూర్చోకూడదు. బాలస్వామి ఇంట్లో ఉన్నదేమో కింద కూర్చునే పాతకాలపు బేసిను.

"కుర్చీలాంటిది పెట్టించాలండీ" అంది రత్నకుమారి.

"పెట్టిద్దాం. నాలుగు రోజుల పని" అన్నాడు బాలస్వామి.

పాపాయమ్మకి ఆ మాటే నచ్చలేదు. "కుర్చీ మీద కూర్చుని ఆ పనేంటే అమ్మాయ్, సిగ్గు లేకుండా" అని కూతురితో గొణిగింది. అల్లుడితో అనలేదు. ఇరవై ఎనిమిదేళ్లలో ఆవిడ అల్లుడితో సూటిగా మాట్లాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అతను గదిలోకి వస్తే కొంగు సర్దుకుని లేచి నిలబడేది. కావలసింది కూతురి చేత అడిగించేది. ఆపరేషన్ అయ్యాక లేవలేక, ముఖం మాత్రం గోడవైపు తిప్పుకునేది. అతనూ అంతే. "అత్తయ్యగారు భోంచేశారా?" అని రత్నకుమారినే అడిగేవాడు, ఆవిడ అక్కడే కూర్చుని ఉన్నా.

తాపీ మేస్త్రి గోపి పెడన నుంచి వచ్చాడు. ముప్పై అయిదేళ్ల మనిషి, పనిలో ఉన్నంతసేపూ నోరు మూతపడదు. ఇంటి వెనక బాత్రూం చూశాడు. నాలుగున్నర అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు, పైన రేకు. బాలస్వామి తండ్రి కట్టించింది. గోపి పాత బేసిను పక్కన ఉలి ఆనించి నాలుగు దెబ్బలు వేశాడు. బేసిను కదల్లేదు కానీ పక్క గోడ మీంచి గంప బోర్లించినట్టు సిమెంటు పెచ్చు ఊడిపడింది.

"బాబాయ్, ఓసారి ఇలా రండి" అని పిలిచాడు.

బాలస్వామి వెళ్లి చూశాడు. పెచ్చు వెనక ఇటుకలు తెల్లగా ఉప్పు పూసి ఉన్నాయి. గోపి చూపుడువేలు పెట్టి నొక్కితే రెండు కణుపుల దాకా లోపలికి దిగింది.

"ఇది ఇటుక కాదు బాబాయ్, పాత బెల్లం. అప్పట్లో ఎవరో సముద్రం పక్క ఇసుక తోలినట్టున్నారు. కింద నాలుగు వరసలూ ఉప్పు తినేసింది. ఇనప పైపు కూడా చూడండి, పైన రంగు తప్ప లోపల పైపు లేదు."

"ఇప్పుడేం చేద్దాం?"

"పైపైన పూసేస్తే రెండేళ్లొస్తుంది. మామ్మగారు పట్టుకుని లేవడానికి గోడకి కడ్డీ బిగించాలన్నారు కదా? ఈ గోడకి బిగిస్తే కడ్డీతోపాటు గోడ కూడా ఆవిడ చేతికొచ్చేస్తుంది."

బాలస్వామి రత్నకుమారి వైపు చూశాడు. రత్నకుమారి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. "మొత్తం తీసెయ్" అంది గోపితో, భర్తని అడక్కుండానే.

అలా నాలుగు రోజుల పని అయిదు వారాల పనైంది. పూత మొత్తం ఇటుకల దాకా గీకేశారు. నేల తవ్వేశారు. కుళ్లిన పైపులు బయటికొచ్చాయి. గోడ పై భాగానికి కర్రలు పోటుపెట్టి, కింద వరసల్లో పాడైన ఇటుకల్ని నాలుగేసి చొప్పున తీసి కొత్తవి పెట్టుకుంటూ వచ్చాడు గోపి. మూడోరోజు వంటింటి వైపు గోడలో ఇటుక తీసేసరికి అటు దోసె వేస్తున్న రత్నకుమారికి పొయ్యి పక్కన కన్నంలోంచి గోపి ముఖం కనపడింది.

"పిన్నీ, టీ ఉందా?" అన్నాడు గోపి కన్నంలోంచే.

రత్నకుమారి ఉలిక్కిపడి అట్లకాడ వదిలేసింది. తర్వాత నవ్వాపుకోలేక ఆ కన్నంలోంచే టీ గ్లాసు అందించింది. అది పూడ్చేదాకా రెండు రోజులు గోపికి టీ అటునుంచే వెళ్లింది.

అయితే బాత్రూం లేకుండా ఇన్నాళ్లు గడిచేదెలా అని ఎవరూ ముందుగా ఆలోచించలేదు. బాలస్వామికి కార్ఖానాలో ఉంది. ఆడవాళ్లు? మొదటిరోజు రత్నకుమారి తల్లిని ఆటోలో ఎక్కించుకుని తెలిసినవాళ్లింటికి తీసుకెళ్లింది. గుంతల రోడ్డు మీద ఆటో ఎగిరెగిరి పడుతుంటే పాపాయమ్మ మోకాలు పట్టుకుని కళ్లు మూసుకుంది.

రెండోరోజు పొద్దున్నే ఎదురింటి గేటు చప్పుడైంది. ఎదురింట్లో ఉండేది రెబెకా టీచరు, మునిసిపల్ స్కూల్లో చెప్తుంది. రెండేళ్లుగా ఆ ఇంటికీ ఈ ఇంటికీ మాటల్లేవు. రోడ్డు ఎత్తు చేసినప్పుడు బాలస్వామి బాత్రూం నీళ్లు వెళ్లి ఆవిడ గేటు ముందు నిలవడం మొదలైంది. ఆవిడ వచ్చి చెప్పింది. బాలస్వామి "రోడ్డు వేసినవాళ్లని అడగండి" అన్నాడు. మాట మీద మాట పెరిగింది. ఆ తర్వాత క్రిస్మస్ కేకు ఇటు రాలేదు, దీపావళి మిఠాయి అటు వెళ్లలేదు.

రెబెకా టీచరు గుమ్మం దాకా వచ్చి, తాళంచెవి రత్నకుమారి చేతిలో పెట్టింది.

"నిన్న పెద్దావిడ్ని ఆటోలో తీసుకెళ్లడం చూశాను. అదేంటి రత్నా, ఎదురుగా ఇల్లు పెట్టుకుని! పక్క గుమ్మంలోంచి వెళ్లిపోండి. మా బాత్రూంలో వెస్టర్నే ఉంది. నేను ఆరున్నరకల్లా తెమిలిపోతాను. ఆ తర్వాత మీ ఇష్టం."

"టీచరుగారూ, ఆ నీళ్ల సంగతి..." అని రత్నకుమారి ఏదో అనబోయింది.

"ఆ గొడవ గొడవే. నేనేం మర్చిపోలేదు. అది తర్వాత తేల్చుకుందాం. మామ్మగారూ, నా చెయ్యి పట్టుకోండి."

లోపల చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్న బాలస్వామి ఇదంతా విన్నాడు. ఇడ్లీ సగంలోనే వదిలేసి లేచాడు. గోపి రాగానే అతన్ని పక్కకి పిలిచి, "నీళ్ల పైపు వీధిలోకి కాదు, వెనకవైపు పెద్ద కాలవలోకి తిప్పాలి" అన్నాడు.

"ఇంటి పక్కనంతా తవ్వాలి బాబాయ్. ఇంకో మూడు రోజులు పడుతుంది."

"పట్టనీ."

ఇక పాపాయమ్మ సంగతి. కుర్చీ మీద కూర్చోవడమా అని ముఖం చిట్లించిన మనిషి మొదటిరోజు రెబెకా టీచరు బాత్రూంలోంచి బయటికొచ్చి ఏమీ మాట్లాడలేదు. రెండోరోజూ మాట్లాడలేదు. మూడోరోజు ఎంతకీ రాకపోయేసరికి రత్నకుమారి కంగారుపడి తలుపు కొట్టింది.

"ఉండవే, వస్తున్నా. ఇన్నేళ్లకి సుఖంగా కూర్చున్నా" అంది లోపల్నుంచి.

గోడలు లేచాయి. కొత్త పైపులు పడ్డాయి. నీళ్లు దిగకుండా మందు పూసి, దాని మీద సిమెంటు పూత పూశారు. వెనక్కాలవ దాకా పైపు వెళ్లింది. గేటు ముందు మడుగు ఎండిపోయాక రెబెకా టీచరు అక్కడ కొత్తగా ముగ్గు వేసుకుంది. బాలస్వామి గుడివాడ వెళ్లి టైల్స్ తెచ్చాడు. రత్నకుమారి నీలం రంగు కావాలంది. పాపాయమ్మ కూతురి చేత చెప్పించింది. లేత రంగైతేనే మంచిది, తేలైనా జెర్రైనా పాకితే కనపడాలి అని. ఆవిడ మాటే నెగ్గింది. లేత గోధుమరంగువి, తడి కాలు జారనివి తెచ్చాడు.

ఇంక టైల్స్ పెట్టడం, కమోడ్ బిగించడం, కుళాయిలు. వారం రోజుల్లో అయిపోవాలి. అంతలో వానలు పట్టాయి. ఒకరోజు పొద్దున గోపి బండి మీద కాకుండా బస్సులో దిగాడు. కుడి చెయ్యి మెళ్లో వేలాడుతోంది.

"బండి జారింది బాబాయ్. మణికట్టు. నెల రోజులు తాపీ ముట్టుకోవద్దన్నారు."

"అయ్యో! మరి ఇంకెవరినైనా..."

"నిన్నట్నుంచి అందరికీ ఫోన్లు చేశాను. మంచి మేస్త్రిలందరూ పోర్టు పనుల్లో ఉన్నారు. ఖాళీగా ఉన్నవాళ్లని నేను పెట్టను, నా పని పాడవుతుంది." గోపి కాసేపు గోడలకేసి చూసి, తర్వాత బాలస్వామి చేతులకేసి చూశాడు. "ఆషాఢం కదా, మీకు పెళ్లి ఆర్డర్లుండవు. మీరే పెట్టండి."

"నేనా?"

"కుర్చీలో కూర్చుని నేను చెప్తాను. నోటికి దెబ్బ తగల్లేదు కదా."

బాలస్వామి రెండడుగులు వెనక్కి వేశాడు. నాది చిన్న పని అనబోయాడు. రత్నకుమారి అప్పటికే అతనికి పాత లుంగీ ఒకటి, చినిగిన బనీను ఒకటి తెచ్చి ఇచ్చింది.

మొదటి టైలు పెట్టడానికి అరగంట పట్టింది. సిమెంటు వెనక పూసి, గోడకి ఆనించి, ఊపిరి బిగబట్టి, వేళ్లతో అంచు తడిమి, వెనక్కి జరిగి ఒక కన్ను మూసి చూసి, మళ్లీ దగ్గరికి వచ్చి వెంట్రుకవాసి జరిపాడు. గోపి కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు.

"బాబాయ్, ఇది వడ్డాణం కాదు."

"వంకరగా ఉంది గోపీ."

"నా కంటికి కనపట్లేదు."

"నా కంటికి కనపడుతోంది."

ఆ రోజు సాయంత్రానికి పదకొండు టైల్స్ అయ్యాయి. నడుం పట్టేసింది, మెడ తిరగలేదు. రత్నకుమారి వీపుకి మందు రాస్తూ నవ్వింది. రెండోరోజు ఇరవై అయ్యాయి. మూడోరోజుకి చెయ్యి దారిలో పడింది. సిమెంటు ఎంత మెత్తగా ఉండాలో వేళ్లకి తెలిసింది. టైలు మీద కర్రపిడితో తట్టి, డొల్లగా మోగితే లోపల సరిగా అంటుకోలేదని గోపి చెప్పాడు. ఆ తర్వాత బాలస్వామి ప్రతి టైలుకీ చెవి ఆనించి తట్టేవాడు. కుళాయి గొట్టం వచ్చేచోట టైలుకి కన్నం కోయాల్సి వచ్చింది. మామూలుగా మేస్త్రిలు పెద్ద కన్నం కోసి, మీద స్టీలు బిళ్ల వేసి కప్పేస్తారు. బాలస్వామి కోసిన కన్నంలో గొట్టం ఉంగరంలో రాయిలా కూర్చుంది. గోపి లేచి వచ్చి దాని చుట్టూ ఎడమచేతి వేలు తిప్పి చూశాడు.

"పదహారేళ్ల నుంచి ఈ పనిలో ఉన్నాను బాబాయ్. ఇట్లాంటిది పెట్టలేదు, చూడలేదు."

గోడలు నాలుగూ అయిపోయేసరికి కార్ఖానాలో తోటి పనివాళ్లు వచ్చి చూసి వెళ్లారు. రెబెకా టీచరు వచ్చి, గీతలన్నీ పై నుంచి కిందకి ఒకే వరసలో ఉన్నాయని రూళ్లకర్ర తెచ్చి మరీ కొలిచింది. బాలస్వామి ఓ రెండు రోజులు లుంగీ పైకి కట్టి వీధి గుమ్మంలో ఎక్కువసేపు నిలబడ్డాడు.

గోపి మణికట్టుకి పుత్తూరు కట్టు కట్టించుకోవడానికి వెళ్తూ, "వచ్చేదాకా ఆగండి. ఆగలేకపోతే నేల మొదలెట్టండి గానీ, వాటం మర్చిపోకండి బాబాయ్" అన్నాడు. బాలస్వామి తలూపాడు. వాటం అంటే పని ఒడుపు అనుకున్నాడో, సరిగా వినలేదో. మొత్తానికి ఆగలేదు. రసమట్టం తీసుకున్నాడు. ఒక్కో టైలు మీద దాన్ని అటూ ఇటూ పెట్టి, బుడగ సరిగ్గా మధ్య గీతల్లో నిలిచేదాకా వదల్లేదు. మూడు రోజులు అదే పని. గోపి వచ్చేసరికి నేల పూర్తయి, ఆరి, తుడిచి ఉంది.

గోపి గుమ్మంలో నిలబడి నేల వైపు చూశాడు. ముఖంలో నవ్వు సగంలో ఆగింది. ఎడమచేత్తో బకెట్ ఎత్తి నీళ్లు కుమ్మరించాడు.

నీళ్లు పరుచుకున్నాయి. ఎటూ కదల్లేదు. బల్ల మీద పెట్టిన అద్దంలా నిలబడి, పైన రేకుని, రేకు కింద వంగి చూస్తున్న ఇద్దరి తలల్నీ చూపించాయి. కాసేపయ్యాక మెల్లగా ఒక పాయ కదిలింది. మూల నీళ్లు దిగే జాలీ వైపు కాదు, వంటింటి గుమ్మం వైపు.

"బాబాయ్" అన్నాడు గోపి నెమ్మదిగా, "ఇంత నున్నగా పెడితే నీళ్లకి ఎటు పోవాలో ఎలా తెలుస్తుంది? నేల జాలీ వైపు కొంచెం వాలి ఉండాలి. అదే వాటం."

"ఇప్పుడు?"

గోపి మూలన పెట్టిన ఉలి వైపు చూశాడు.

బాలస్వామి చేతులు కడుక్కుని కార్ఖానాకి వెళ్లిపోయాడు. అక్కడ పనేమీ లేదు. చాప మీద కూర్చుని ఖాళీ పట్టుకారు తెరుస్తూ మూస్తూ ఉన్నాడు. మధ్యాహ్నం రత్నకుమారి క్యారేజీ తెచ్చి పక్కన కూర్చుంది. అన్నం కలిపి చేతికిచ్చింది. అతను రెండు ముద్దలు తిన్నాడు.

"నాది చిన్న పని రత్నం. నేను ముందే చెప్పాను."

"నగలో రాయి తప్పు పడితే ఏం చేస్తారు?"

"ఊడదీసి మళ్లీ పెడతా."

"ఊరంతా తిరిగి ఏడుస్తారా?"

అతను ఆవిడ వైపు చూశాడు. ఆవిడ నవ్వకుండా ఉండడానికి పెదవి బిగబట్టుకుని ఉంది. అది చూసి అతనికే నవ్వొచ్చింది. మిగతా అన్నం తానే తిన్నాడు.

ఇంటికొచ్చి ఉలి తీసుకున్నాడు. అంత శ్రద్ధగా పెట్టినవి ఊడదీయడానికి ఇంకా శ్రద్ధ కావలసివచ్చింది. సగానికి పైగా పగిలిపోయాయి. మళ్లీ గుడివాడ బస్సెక్కాడు. కొట్టువాడు గోడౌనంతా వెతికి, ఆ రంగు అయిపోయిందన్నాడు. దాని పక్కన పెట్టదగ్గది ఇంకొకటి ఉంది, బెల్లం పాకం రంగు. బాలస్వామి రెండు రంగులూ నేల మీద పక్కపక్కన పేర్చి, కొట్టులో అందరూ చూస్తుండగా చతికిలబడి కూర్చున్నాడు. తెల్లరాళ్లు తక్కువ పడినప్పుడు మధ్యలో ఎర్రరాయి వేసి గొలుసు పూర్తిచేసిన రోజులు లేవా? ఒకటి విడిచి ఒకటి వేస్తే చదరంగం బల్లలా ఉంటుంది, అది వద్దు. చుట్టూ అంచుకి ముదురు రంగు, లోపల లేతది. "ఇదివ్వండి" అన్నాడు.

మర్నాడు గోపి కుర్చీ వేసుకున్నాడు. బాలస్వామి నేల మీద ఇసుకా సిమెంటూ పరిచి బద్దతో సర్దుతున్నాడు. గుమ్మం అవతల నుంచి ఒక గొంతు వినపడింది.

"అల్లుడుగారూ, ఆ మూల ఎత్తుగా ఉంది."

బాలస్వామి చేతిలో బద్ద ఆగిపోయింది. పాపాయమ్మ చేతికర్ర పట్టుకుని వంటింట్లో నిలబడి ఉంది. కొంగు సర్దుకోలేదు, ముఖం తిప్పుకోలేదు. కళ్లు నేల మీదే ఉన్నాయి.

"ఏ మూలండీ అత్తయ్యగారూ?"

"కుళాయి కింద మూల. అక్కడ్నుంచి నీళ్లు వెనక్కొస్తాయి. ఒక చిటికెనవేలు మందం దించండి."

గోపి నవ్వుతూ రసమట్టం అందించాడు. బాలస్వామి పెట్టి చూశాడు. బుడగ అటే జరిగింది. సరిగ్గా ఆ మూలే ఎత్తు.

"మామ్మగారూ, కంట్లో మట్టం పెట్టుకుని పుట్టారా?" అన్నాడు గోపి.

"పుట్టడమేంటి నాయనా, నలభై ఏళ్లు వరిమడికి నీళ్లు పెట్టాను. మడిలో ఒక్క మూల నీళ్లు నిలిచినా నారు కుళ్లిపోతుంది. కాలవ మీద మనకొచ్చే వంతు నాలుగు గంటలు. ఆ నాలుగు గంటల్లో నీళ్లు మడంతా ఎక్కి దిగాలి. చూస్తే తెలిసిపోయేది. చూడకపోయినా పాదానికి తెలిసిపోయేది."

బాలస్వామి లేచి వెళ్లి గోపి కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేశాడు. "మీరు ఇక్కడ కూర్చోండి" అన్నాడు. చెంబుతో నీళ్లు తెచ్చి ఆవిడ పక్కన పెట్టాడు.

ఆ రోజూ ఆ మర్నాడూ ఆవిడ ఆ కుర్చీ దిగలేదు. "ఇటు రెండు గింజల మందం ఎత్తండి... అంతే... అతిగా వద్దు, నిలబడితే కాళ్లు జారినట్టుంటుంది... జాలీ దగ్గర పళ్లెంలా ఉండాలి." అతను చెప్పినట్టల్లా చేశాడు. మధ్యలో ఒకసారి అతనే ఏదో మార్చబోతే, "అలా కాదండీ, మీరు అందం చూస్తున్నారు, నేను నీళ్లు చూస్తున్నాను" అంది ఆవిడ. గోపి ఎడమచేత్తో తొడ చరుచుకుని నవ్వాడు. వంటింట్లో రత్నకుమారి కూర కలపడం ఆపి, భర్తా తల్లీ ఒకరితో ఒకరు వాదించుకోవడం వింటూ నిలబడిపోయింది. కూర కొంచెం అడుగంటింది.

పని చేసుకుంటూ మాటలు కూడా పెరిగాయి. వరద వచ్చి గట్టు తెగినప్పుడు రాత్రంతా ఇసుక బస్తాలు మోసిన సంగతి ఆవిడ చెప్పింది. తొలిసారి పొదిగిన ఉంగరంలోంచి రాయి ఊడి యజమాని మజ్జిగలో పడిన సంగతి అతను చెప్పాడు. మజ్జిగ తాగేశాడా అని ఆవిడ అడిగింది. తాగేశాడు అన్నాడు. ఆవిడ మోకాలు పట్టుకుని మరీ నవ్వింది.

నేల ఆరింది. కమోడ్ బిగించారు. గోడకి స్టీలు కడ్డీ బిగించి, గోపి మంచి చేత్తో దాన్ని పట్టుకుని రెండు కాళ్లూ పైకెత్తి వేలాడి చూపించాడు. గోడ చప్పుడు చెయ్యలేదు. అప్పుడు నీళ్ల పరీక్ష. రెబెకా టీచరు కూడా స్కూలుకి వెళ్తూ ఆగింది. బాలస్వామి బకెట్ ఎత్తాడు గాని, పొయ్యకుండా అత్తగారి వైపు చూశాడు.

"ఒక్కచోటే పొయ్యకండి. నాలుగు మూలలా పొయ్యండి" అంది ఆవిడ.

నాలుగు మూలలా పోశాడు. నీళ్లు ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టు ఆగి, ముదురు రంగు అంచు దాటి, లేత టైల్స్ మీదుగా సన్నటి పాయలై, జాలీ చుట్టూ ఒక చుట్టు తిరిగి గళగళమని దిగిపోయాయి. కాసేపటికి ఇంటి వెనక కాలవలో పడిన చప్పుడు వినపడింది. రెబెకా టీచరు వెంటనే వీధిలోకి వెళ్లి తన గేటు ముందు చూసుకుని వచ్చింది. "ఒక్క చుక్క లేదు అన్నయ్యగారూ!" అంది. రెండేళ్ల తర్వాత ఆవిడ అతన్ని ఆ పిలుపుతో పిలవడం అదే మొదలు.

"తప్పు నాదేనమ్మా. అప్పుడే చెయ్యాల్సింది" అన్నాడు బాలస్వామి.

"ఇప్పుడు చేశారుగా. స్కూలు టైమైంది, నేను వెళ్తున్నా."

కొత్త బాత్రూంలో మొదటి స్నానం పాపాయమ్మదే. కడ్డీ పట్టుకుని తనంతట తనే లేచింది, తనంతట తనే తలుపు తీసుకుని వచ్చింది. ఆ తర్వాత రోజూ పొద్దున ఆవిడ లోపలుండగా మిగతావాళ్లు తువ్వాలు భుజాన వేసుకుని బయట నిలబడడం ఆ ఇంటి అలవాటైంది.

శ్రావణం వచ్చేసరికి కార్ఖానాలో పని ముంచుకొచ్చింది. బాలస్వామి మళ్లీ కిటికీ పక్కన కూర్చున్నాడు. మొదటి రెండ్రోజులూ రాళ్లు మరీ చిన్నవిగా అనిపించి నవ్వొచ్చింది. కొత్త నెక్లెసు డిజైన్లు చూపిద్దామని ఎవరైనా ఫోను తెరిస్తే, అతను తన ఫోన్లో కుళాయి చుట్టూ కోసిన కన్నం ఫొటో చూపించేవాడు. ఇంట్లో అద్దానికి మేకు తానే కొట్టాడు. అదీ కొంచెం వంకరే పోయింది, కానీ సున్నం ఊడలేదు.

గోపి చెయ్యి బాగయింది. భాద్రపదంలో ఒకరోజు పొద్దున్నే వచ్చి, చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడ్డాడు.

"పిన్నీ, గుడివాడలో ఒక ఇంటి పని ఒప్పుకున్నాను. పెద్ద బాత్రూం. అంతకుముందు ఎవడో పెట్టిన నేల, నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయో అంతు చిక్కట్లేదు. మామ్మగార్ని ఒక్క పూట పంపండి. కారు మాట్లాడాను, జాగ్రత్తగా తీసుకెళ్లి తీసుకొస్తాను."

"మా అమ్మనా? ఆవిడ మోకాలు..." అని రత్నకుమారి మొదలుపెట్టేలోపే లోపలి గదిలో పెట్టె తెరుస్తున్న చప్పుడైంది. పాపాయమ్మ ఆకుపచ్చ వెంకటగిరి చీర కట్టుకుని, కర్ర పట్టుకుని బయల్దేరింది.

సాయంత్రం ఆవిడ తిరిగొచ్చేసరికి అందరూ భోజనానికి కూర్చుంటున్నారు. ఆవిడకీ కుర్చీ వేశారు. దోసకాయ పప్పు వడ్డించారు.

"ఏమైందమ్మా?" అంది రత్నకుమారి.

"ఏముంది, వాటం మొత్తం తప్పు. ఒక్కసారి చెప్పులు విప్పి నడిచాను, తెలిసిపోయింది. తవ్వించేశాను."

"తవ్వించేశావా! వాళ్లేమన్నారు?"

"ఏమంటారు? ఆ ఇంటాయన కాఫీ ఇచ్చి, ఇంకో బాత్రూం కూడా చూడమన్నాడు." ఆవిడ పప్పులో నెయ్యి కలుపుకుంటూ అల్లుడి వైపు తిరిగింది. "టైల్స్ పెట్టినవాడెవడో గాని అల్లుడుగారూ, గోడల మీద గీతలు గాలికి పోయినట్టున్నాయి. మీరు పెట్టినట్టు ఎవరు పెడతారు!"

బాలస్వామి తల వంచుకుని, ఇంకొంచెం పప్పు వెయ్యమని భార్య వైపు కంచం జరిపాడు.